చావుతో మొదలయ్యే కుటుంబ కథ: ‘సిక్స్ ఫీట్ అండర్’ 63 ఎపిసోడ్లు ఎలా నిలబడింది?

నల్లసిరా

(చివరి సీజన్ దాకా స్పాయిలర్లు వస్తాయి. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.)

ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్‌కి స్క్రిప్ట్ రాస్తున్నాను. మొదటి ఎపిసోడ్‌లోనే తండ్రి పోతాడు. మిగిలేది తల్లి, ఎడమొహం పెడమొహంగా ఉండే ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మూడు ఎపిసోడ్ల డ్రాఫ్ట్ చదివితే అంతా ఒకటే మోత. ప్రతి సీన్లో ఎవరో ఒకరు ఏడుస్తుంటారు, లేకపోతే ఎందుకు ఏడవట్లేదని ఇంకొకరు నిలదీస్తుంటారు. మూడో ఎపిసోడ్‌కే బరువు కాస్తా విసుగైపోయింది.

ఇలాంటి కుటుంబంతోనే ‘సిక్స్ ఫీట్ అండర్’ అనే సిరీస్ 2001 నుంచి 2005 దాకా అమెరికా టీవీ చానల్ హెచ్‌బీఓలో ఐదు సీజన్లు నడిచింది. ఆ ఫిషర్లది ఫ్యునరల్ హోమ్ (శవాల్ని సిద్ధం చేసి అంత్యక్రియలు జరిపించే వ్యాపారం) నడిపే కుటుంబం, నా కథలో ఆ వృత్తి లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. ప్రతి ఎపిసోడ్ మొదట్లో వచ్చే కొత్త చావు లేకుండా ఆ కథ నిలబడేదా? పోయిన తండ్రి వచ్చి మాట్లాడుతుంటే అది దెయ్యం కథ ఎందుకు అవలేదు? రెండో పెద్ద చావు ఎక్కడ పెట్టాలి? శవాన్ని సిద్ధం చేసే గదిలో చూపించినదాంట్లో నిజం ఎంత?

మూడోఅంకం

మొదటి ప్రశ్న వరకు చెప్తాను. ఆ మొదటి చావు తీసేస్తే ఆ సిరీస్ పది ఎపిసోడ్లు కూడా నడిచేది కాదు.

అది చేసే పని చూడండి. రెండు మూడు నిమిషాల్లో మనకి తెలియని మనిషి పోతాడు. తెర తెల్లగా అయిపోయి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు పడతాయి. తర్వాత ఆ శవం లాస్ ఏంజెలెస్‌లోని ఫిషర్ల ఇంటికి వస్తుంది, వెనకే ఆ మనిషి భార్యో తల్లో అన్నదమ్ములో వస్తారు. అంటే ప్రతి వారం ఇంకో కుటుంబం వచ్చి, ఫిషర్లు బయటపెట్టలేని దుఃఖాన్ని వాళ్ల ఎదుటే బయటపెట్టి వెళ్తుంది. ఏడ్చేది వచ్చినవాళ్లు, కెమెరా చూసేది పేటిక ధర చెబుతూ నిలబడ్డ చిన్న కొడుకు డేవిడ్ మొహాన్ని. మీ డ్రాఫ్టులో ఏడుపూ, దాన్ని చూసే మొహమూ ఒకే మనిషివి. మోత అక్కడి నుంచే వస్తోంది.

ఎపిసోడ్‌కి ఆ చావుని ముడిపెట్టిన తీరు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. మొదటి సీజన్ 4వ ఎపిసోడ్‌లో కాల్పుల్లో పోయిన పాకో అనే కుర్రాడు, డేవిడ్‌కి కనిపించి మాట్లాడుతూ ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడే ధైర్యం ఇస్తాడు. 9వ దాంట్లో ఇంట్లో దొరికిన తుపాకీతో ఆడుకుంటూ ఆరేళ్ల పిల్లాడు పోతాడు. వాడి అన్న, ఫిషర్ల కూతురు క్లేర్‌కి దగ్గరైన గేబ్. తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండాల్సింది వాడే. అక్కడ చావు నేరుగా కథలోకే దిగుతుంది. 12వ దాంట్లో స్వలింగ సంపర్కుడని కొట్టి చంపిన మార్క్ ఫోస్టర్, డేవిడ్ తనమీద తాను పెంచుకున్న అసహ్యాన్ని డేవిడ్ ముందే మాటల్లో పెడతాడు. కొన్ని ఎపిసోడ్లలో మాత్రం ఆ చావు కథని పక్కనుంచి తాకి వెళ్లిపోతుంది, అంతే. ఆ తేడాలు పెట్టకపోతే ఐదో వారానికల్లా ప్రేక్షకుడు లెక్క ముందే కట్టేస్తాడు.

మీ కథలో వృత్తి లేదు కాబట్టి, బయటి మనుషుల్ని ఇంట్లోకి తెచ్చే బాధ్యత ఏదో ఒకటి కావాలి. తండ్రి ఇచ్చిన అప్పు తీర్చడానికి వచ్చేవాడు, ఆయన సగంలో వదిలేసిన పని, ఆయన పేరు మీదున్న అద్దెదారు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి వచ్చే ఉద్యోగి. ఎపిసోడ్‌కి ఒక మనిషి చాలు. అతను తనకి తెలిసిన తండ్రిని ఇంట్లోవాళ్ల ముందు పెట్టాలి. ఆ సిరీస్ మొదటి సీజన్ 6వ ఎపిసోడ్‌లో పెద్ద కొడుకు నేట్ తన తండ్రి లెక్కలు తిరగేస్తుంటే, అంత్యక్రియల ఖర్చుకి బదులుగా ఆయన ఒక రెస్టారెంట్ వెనక గదిని వాడుకునేవాడని బయటపడుతుంది. ఆ గదిలో ఆయన ఏం చేసేవాడో ఎవరికీ తెలియదు. నేట్ అక్కడ నిలబడి ఊహించుకోవడమే. పోయినవాడి గురించి కొత్త సంగతి బయటపడితే దుఃఖం కదులుతుంది, పాత సంగతులే తవ్వుకుంటే అక్కడే ఆగిపోతుంది.

ఇంకోటి. మొదటి ఎపిసోడ్‌లో ఫోన్ మోగే క్షణం మళ్లీ చూడండి. క్రిస్మస్ ముందురోజు. తండ్రి నథానియల్ కొత్త శవవాహనం నడుపుతూ సిగరెట్ ముట్టించుకోబోయి కిందికి వంగుతాడు, బస్సు గుద్దేస్తుంది. ఆ సమయానికి తల్లి రూత్ వంట చేస్తోంది, ఆమెకి హెయిర్‌డ్రెస్సర్‌తో రహస్య సంబంధం ఉంది. డేవిడ్ కింద ఇంకొకరి శవ సందర్శన నడిపిస్తున్నాడు, ప్రియుడు కీత్‌తో తన బంధాన్ని ఇంట్లో దాస్తున్నాడు. నేట్ విమానంలో పరిచయమైన బ్రెండాతో ఎయిర్‌పోర్టు గదిలో ఉన్నాడు. క్లేర్ అప్పుడే మత్తుమందు పీల్చింది. వార్త విన్న రూత్ చేతికందినవన్నీ విసిరేసి, మీ నాన్న పోయాడు, నా వంట కూడా పాడైపోయింది అని అరుస్తుంది. అందరూ ఏదో ఒక దొంగపని మధ్యలో దొరికిపోయారు కాబట్టి, ఆ తర్వాత వాళ్ల దుఃఖంలో తప్పు చేసిన భావన కలిసే ఉంటుంది. మీ నలుగురూ ఆ ఫోన్ వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో రాసుకోండి. ఇంట్లో ఊరికే కూర్చుని ఉంటే ఆ సీన్ మళ్లీ రాయాల్సిందే.

రాత్రిషిఫ్ట్

శవాన్ని సిద్ధం చేసే గది గురించి. సిరీస్‌లో ఆ పని చూపించిన క్రమం చాలావరకు సరైనదే. నిడివి మాత్రం కుదించారు. మామూలు కేసుకి రెండు గంటలు పడుతుంది, పోస్ట్‌మార్టం అయిన శరీరానికి ఇంకా ఎక్కువ.

ముందు శరీరాన్ని కడిగి, క్రిమిసంహారకం పట్టించి, కాళ్లూ చేతులూ నెమ్మదిగా వంచి బిగుసుకున్న కండరాల్ని వదులు చేస్తారు. ఆ తర్వాత మొహం. రెప్పల కింద గరుకుగా ఉండే చిన్న ప్లాస్టిక్ టోపీలు పెడతారు, నోరు లోపలి నుంచి కుట్టో తీగతోనో మూస్తారు. ఇది ద్రావణం ఎక్కించకముందే అయిపోవాలి. ఫార్మాల్డిహైడ్ తగిలిన కణజాలం గట్టిపడుతుంది, ఆ తర్వాత మూతి వంకర సరిచేయడం కుదరదు. స్క్రిప్టుల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే. అంతా అయ్యాక చివర్లో తీరిగ్గా కళ్లు మూస్తున్నట్టు రాస్తారు.

తర్వాత సాధారణంగా మెడ కుడి పక్క కోత పెట్టి, కెరోటిడ్ ధమనిలోంచి ద్రావణం ఎక్కిస్తూ పక్కనే ఉన్న జుగులర్ సిరలోంచి రక్తాన్ని బయటికి వదులుతారు. 50 పౌండ్ల బరువుకి ఒక గ్యాలన్ అని అక్కడివాళ్ల మోటు లెక్క. పెద్దవాళ్లకి మూడు గ్యాలన్లు, అంటే పదకొండు లీటర్లకి కాస్త పైన. మెషీన్ ఒత్తిడి ఎక్కువైతే మొహం ఉబ్బుతుంది. తక్కువైతే, లేదా రక్తం గడ్డలు అడ్డుపడితే, వేళ్లూ పాదాలూ లాంటి చివరి భాగాలకి ద్రావణం అందదు. అందుకే ఎక్కిస్తున్నంతసేపూ చేతుల్నీ కాళ్లనీ మర్దన చేస్తూ ఉంటారు. ద్రావణంలో రంగు కలిపి ఉంటుంది, అది పాకిన చోట చర్మం గులాబీ రంగుకి తిరుగుతుంది. చివర్లో బొడ్డు దగ్గర్నుంచి ట్రోకార్ అనే పొడవాటి బోలు సూది దించి, ఛాతీ, పొట్టలోని ద్రవాల్ని లాగేసి గాఢమైన ద్రావణం పోస్తారు. పోస్ట్‌మార్టంలో రక్తనాళాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి ఒక్కచోటి నుంచి ఎక్కిస్తే శరీరమంతా పాకదు. మెడ, చంకలు, తొడలు, రెండు పక్కలా కలిపి ఆరు చోట్ల విడివిడిగా ఎక్కించాలి.

దెబ్బతిన్న మొహాన్ని మైనంతో మళ్లీ కట్టడం వేరే నైపుణ్యం. ఫిషర్ల దగ్గర ఆ పని చేసే ఫెడెరికో పాత్ర అంతా దాని మీదే నిలబడింది. మొదటి సీజన్లో ఉద్యోగి, మూడో సీజన్ నాటికి బోర్డు మీద ‘ఫిషర్ అండ్ డియాజ్’ అని తన పేరు. ఆ ఇంట్లో పనితనానికీ యాజమాన్యానికీ మధ్య నడిచే గొడవ, అన్నదమ్ముల గొడవకి ఏమాత్రం తీసిపోదు. దాని గురించి జనం తక్కువ మాట్లాడటం నాకు బాధగానే ఉంటుంది.

వ్యాపారం వైపు కూడా కొంచెం చూడండి. అమెరికాలో 1984 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫ్యునరల్ రూల్ అమల్లో ఉంది. కుటుంబం వచ్చి ఏర్పాట్ల గురించి మాట్లాడగానే వస్తువారీగా ధరల జాబితా చేతిలో పెట్టాలి, వాళ్లు దాన్ని ఇంటికి పట్టుకెళ్లొచ్చు. ఫోన్లో అడిగినా ధర చెప్పాలి. కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప ఎంబామింగ్ (పైన చెప్పినట్టు ద్రావణం ఎక్కించి శవం పాడవకుండా చూడటం) చట్టప్రకారం తప్పనిసరి కాదని చెప్పాలి. పేటిక బయట కొనుక్కొస్తే అదనపు రుసుము వేయకూడదు. ఆ రోజుల్లో పెద్ద కంపెనీలు చిన్న ఫ్యునరల్ హోమ్‌లని వరసగా కొనేస్తుండేవి. సిరీస్‌లో ఫిషర్ల మీద పడే క్రోనర్ కంపెనీ కల్పితం, ఒత్తిడి మాత్రం ఆ కాలం నాటి నిజం. మొదటి ఎపిసోడ్‌లో శవవాహనానికీ ఎంబామింగ్ ద్రావణానికీ తళతళలాడే నకిలీ వాణిజ్య ప్రకటనలు వస్తాయి. తర్వాత వాటిని వదిలేశారు. మంచిపని చేశారు, వెక్కిరింపు అంత గట్టిగా ఉంటే కుటుంబం మీద నమ్మకం కుదరదు.

ఇల్లు కట్టిన తీరే కథకి అస్తిభారం: బేస్‌మెంట్‌లో శవాలు, మధ్య అంతస్తులో కస్టమర్లు, పైన కుటుంబం. ఏ మాట ఏ అంతస్తులో మాట్లాడుకున్నారో గమనిస్తూ ఒక సీజన్ చూడండి.

ఆరోసీను

దెయ్యం ప్రశ్నకి. అక్కడ ఒక నియమం దాదాపు తప్పరు. చనిపోయినవాళ్లు, ఎదుటి మనిషికి తెలియని సమాచారం ఏదీ చెప్పరు. ఎక్కడ దాచారు, ఎవరు చంపారు లాంటివి వాళ్ల నోట రావు. చూసేవాడు తనకి తాను చెప్పుకోలేక మింగేస్తున్నదే వాళ్ల నోట వస్తుంది. కాబట్టి నేట్‌కి కనిపించే నథానియల్ వేరు, డేవిడ్‌కి కనిపించే నథానియల్ వేరు. ఇద్దరు కలిసి ఒకే దెయ్యాన్ని చూసిన క్షణం నుంచి అది అతీంద్రియ కథ అయిపోతుంది, దాన్ని వెనక్కి తేలేరు.

సాంకేతికంగా కూడా కొన్ని పట్టింపులున్నాయి. పొగ, వింత వెలుతురు, ప్రతిధ్వని ఏవీ ఉండవు. మూడో మనిషి గదిలోకి రాగానే సంభాషణ తెగిపోతుంది. తండ్రి ఎప్పుడూ ఓదార్చడు, గుచ్చుతాడు. ఇది మీకు బాగా పనికొస్తుంది: పోయినవాడు మంచి మాటలు చెప్తే సీన్ చప్పబడుతుంది. ఎనిమిది ఎపిసోడ్లలో ఇలాంటివి ఆరేడు సీన్లకి మించి పెట్టకండి. ఒక్కోటీ రెండు పేజీల లోపే అయిపోవాలి.

ఇక దుఃఖాన్ని ఐదు దశలుగా పంచి, ఎపిసోడ్‌కి ఒక దశ ఇచ్చే ప్లాన్ ఏదైనా ఉంటే వదిలేయండి. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో ఆ దశల్ని చెప్పింది ప్రధానంగా చావుకి దగ్గరైన రోగుల గురించి. బతికున్నవాళ్ల దుఃఖానికి దాన్ని తర్వాత అంటించారు. రచయితకి అంతకంటే పనికొచ్చేది 1999లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ చెప్పిన పద్ధతి. మనిషి పోగొట్టుకున్నదాని వైపు కాసేపు, బతుకు సర్దుకునే పనుల వైపు కాసేపు ఊగుతూ ఉంటాడు. ఒకే రోజులో కూడా పదిసార్లు అటూ ఇటూ. సీన్ల భాషలో చెప్తే, ప్రతి దుఃఖపు సీన్‌నీ ఏదో ఒక పని మధ్యలో తెంపాలి. ఫారం నింపాలి, నల్లా బాగుచేయాలి, ఎవరో తలుపు కొట్టాలి. ఇద్దరు ఊగడంలో తేడా వచ్చినప్పుడే గొడవ పుడుతుంది. ఒకరు ఫొటోలు తీసి కూర్చున్న రోజే ఇంకొకరు అల్మరా ఖాళీ చేస్తారు. కథకి కావలసిన ఘర్షణ అంతా అందులోనే ఉంది, విలన్ అక్కర్లేదు.

రూత్‌ని చూడండి. భర్త పోయాక ఆమె దుఃఖం వరసగా తప్పు వాకిళ్లలోంచి బయటికొస్తుంది. రెండో సీజన్ 3వ ఎపిసోడ్‌లో ఆమె ఒక స్వీయ వికాస శిబిరానికి వెళ్తుంది, జీవితాన్ని ఇల్లులా మళ్లీ కట్టుకోమనే రకం. అక్కడ పట్టలేని కోపంతో అందరి ముందూ విరుచుకుపడుతుంది. ఆ కోపంలో చనిపోయిన భర్తా ఉన్నాడు, పిల్లలూ ఉన్నారు. ఏడుపు ఉండదు. మీ తల్లి పాత్రకి అలాంటి ఒక పేలుడు, దుఃఖానికి సంబంధం లేని చోట, నాలుగో ఎపిసోడ్ దగ్గర్లో పెడితే మొదటి మూడింటి బరువు దిగుతుంది.

కాలం లెక్క కూడా చూసుకోండి. పెద్దవాళ్లలో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతగా గుర్తించాలంటే కనీసం 12 నెలలు దాటాలని 2022లో వచ్చిన అమెరికా మనోవైద్య వర్గీకరణ అంటుంది. మీ కథ మూడు వారాల్లో జరిగేట్లయితే ఎవరినీ జబ్బుమనిషిగా చూపించకండి. అందరూ ఇంకా మొదటి దెబ్బలోనే ఉంటారు.

నల్లసిరా

ఫోన్ సీన్ తిరగరాయడం మొదలుపెట్టాను, అద్దెదారు ఆలోచన నాకు బాగా సరిపోతుంది. రెండో చావు సంగతి మిగిలింది. పెద్ద కొడుకుని చివరి ఎపిసోడ్‌లో చంపాలని ప్లాన్. అది కాకుండా మధ్యలో ఒక హింసాత్మక సంఘటన కూడా ఉంది, చిన్న కొడుకుని దోచుకుని కొడతారు. రెండూ ఉంటే ఎక్కువైపోతుందా?

మూడోఅంకం

పెద్ద కొడుకుని చివరి ఎపిసోడ్‌లో చంపకండి. నేట్ పోయేది ఐదో సీజన్ 9వ ఎపిసోడ్‌ చివర్లో, ఆ సీజన్‌కి ఉన్నవి 12. అంటే నాలుగో వంతు మిగిలి ఉండగా. ఆ మూడు ఎపిసోడ్లూ లేకపోతే అది షాక్‌గానే మిగిలిపోయేది. మీకు ఎనిమిది కాబట్టి ఆరో ఎపిసోడ్ చివర సరిగ్గా అదే చోటు. మిగిలిన రెండిట్లో, మొదటి చావుకి ఎలా ప్రవర్తించారో దానికి భిన్నంగా ఈ ఇల్లు ఇప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో చూపించండి.

అక్కడ ఆ తేడా చాలా స్పష్టంగా ఉంటుంది. మొదటి ఎపిసోడ్‌లో తండ్రి సమాధి దగ్గర ఉప్పుడబ్బా లాంటి దాంట్లోంచి మట్టి చల్లమంటే, నేట్ ఒప్పుకోడు. చేత్తో మట్టి తీసి వేస్తాడు, డేవిడ్‌కి అది పరువు తక్కువ. ఐదో సీజన్లో అదే నేట్‌ని ఎంబామింగ్ లేకుండా, పేటిక లేకుండా, గుడ్డలో చుట్టి మట్టిలో పెడతారు. అరవై ఎపిసోడ్ల దూరంలో ఒక వాదనకి ముగింపు. మీ మొదటి ఎపిసోడ్‌లో అన్నదమ్ములు తండ్రి శవం ముందు దేని గురించి వాదించుకుంటారో, ఆరో ఎపిసోడ్ తర్వాత దానికే జవాబు రావాలి.

ముందస్తు సూచన కూడా కావాలి. నేట్ మెదడులో ఏవీఎం ఉందని మొదటి సీజన్ చివర్లోనే తెలుస్తుంది. ధమనిలోని రక్తం కేశనాళికల గుండా పోకుండా నేరుగా సిరలోకి దూకే రక్తనాళాల చిక్కు అది. చికిత్స చేయకపోతే ఏడాదికి వందలో రెండు నుంచి నలుగురికి రక్తస్రావం అవుతుందని అంచనా. ఆ లెక్క రచయితకి వరం. రేపే జరగొచ్చు, ఎప్పటికీ జరగకపోవచ్చు. రెండో సీజన్ చివర ఆపరేషన్ అవుతుంది, ప్రేక్షకుడు ఇక అయిపోయిందనుకుని మర్చిపోతాడు. మీరు రెండో ఎపిసోడ్‌లో చెప్పి, నాలుగో దాంట్లో తీరిపోయినట్టు చూపిస్తే చాలు.

ఆరోసీను

దోపిడీ గురించి. నాలుగో సీజన్ 5వ ఎపిసోడ్‌లో డేవిడ్‌ని వ్యాన్‌తో సహా అపహరించి గంటల తరబడి హింసించే కథ ఉంది. చాలామందికి నచ్చలేదు, నాకు కూడా ఆ ఎపిసోడ్ నిడివి మీద అభ్యంతరం ఉంది. మామూలుగా నాలుగైదు కథలు అల్లుకుంటూ నడిచే సిరీస్, ఆ రోజు కాసేపటికి మిగతావన్నీ వదిలేసి ఒకే కథ పట్టుకుంటుంది, తప్పించుకోవడానికి ప్రేక్షకుడికి చోటుండదు. కానీ తర్వాత జరిగినది చూడాలి. ఆ భయం డేవిడ్‌ని వదలదు. ఐదో సీజన్లో నేట్ పోయాక ఎర్ర టోపీ కోటు వేసుకున్న ఆకారంగా వెంటాడుతుంది. చివరి ఎపిసోడ్‌లో దాన్ని పట్టుకుని చూస్తే అది తన మొహమే. దెబ్బకీ జవాబుకీ మధ్య 19 ఎపిసోడ్లు.

మీకు అంత చోటు లేదు. దోపిడీ సీన్ నాలుగు పేజీలు దాటకుండా, మూడో ఎపిసోడ్ లోపలే అవ్వాలి. ఆ తర్వాత ప్రతి ఎపిసోడ్‌లో దాని జాడ ఒక్క చిన్న పనిలో కనిపించాలి: తలుపు గడియ రెండోసారి చూసుకోవడం, రాత్రి కారు తీయనని చెప్పడం. అన్న పోయినప్పుడు ఆ భయమూ ఈ దుఃఖమూ ఒకటవ్వాలి. అలా కలపలేకపోతే దోపిడీ మొత్తం తీసేయండి, నష్టం లేదు.

రాత్రిషిఫ్ట్

చివరి ఎపిసోడ్ ముగింపుని అనుకరించాలని చాలామందికి అనిపిస్తుంది కాబట్టి ఒక మాట. క్లేర్ కారు నడుపుకుంటూ న్యూయార్క్ వైపు వెళ్తుంటే మధ్యమధ్యలో అందరి చావులూ వస్తాయి: రూత్ 2025, కీత్ 2029, డేవిడ్ 2044, ఫెడెరికో 2049, బ్రెండా 2051, క్లేర్ 2085. ప్రతిదానికీ అదే తెల్ల తెర, అవే రెండు ఏళ్లు. ఐదేళ్లుగా అపరిచితులకి వేసిన కార్డు ఇప్పుడు ఇంట్లోవాళ్లకి పడుతుంది, అందుకే పనిచేసింది. ఆ ఎపిసోడ్ మాత్రం చావుతో మొదలవదు, నేట్, బ్రెండాల కూతురు విల్లా పుట్టుకతో మొదలవుతుంది.

మీ సిరీస్‌లో ఆ కార్డు లేదు, ముందుకి దూకే అలవాటూ లేదు. కాబట్టి భవిష్యత్తు చూపించే ముగింపు అతికించినట్టుంటుంది. మీరు మొదటి ఎపిసోడ్ నుంచి మళ్లీ మళ్లీ వాడుతున్నది ఏదో చూడండి. అద్దెదారే అయితే, ఆయన అద్దె కట్టడానికి వచ్చినప్పుడు తలుపు ఎవరు తీస్తున్నారు, డబ్బు ఎవరి చేతికి ఇస్తున్నాడు అన్నది ఎపిసోడ్‌కి ఒకసారి మార్చుకుంటూ రండి. ఎనిమిదో దాంట్లో ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడే తేల్చుకుంటే, మిగతా ఏడు సీన్లు దానికి తగ్గట్టు రాయొచ్చు.